కింద వాలు, పైన మట్టం: నీళ్లు నిలిచే నేల మీద తాత్కాలిక పూల్‌కి అడుగు వేసే పద్ధతి

వేసవిలో పిల్లల కోసం ఫ్రేమ్ పూల్ (కాళ్లున్న గొట్టాల చట్రానికి ప్లాస్టిక్ తొట్టి బిగించే పూల్) కొనేవాళ్లు ముందు సైజు చూస్తారు, తర్వాత మోటారు వస్తుందా, నిచ్చెన వస్తుందా అని చూస్తారు. అది నిలబడే నేల గురించి అడిగేవాళ్లు తక్కువ. నేను ఇళ్ల చుట్టూ నేలపని చేస్తాను. నడకదారులు, చప్టాలు, వాననీటి కాలువలు, ఇలాంటివన్నీ. మా నాన్న తాపీ మేస్త్రి. ట్యూబ్ లెవెల్ ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకుని పెరిగాను. ఇప్పుడు నన్ను పిలిచే పనుల్లో "పూల్ ఒకపక్కకి ఒరుగుతోంది, ఒకసారి వచ్చి చూడండి" అనేది బాగా పెరిగింది. వెళ్లి చూస్తే పూల్ మామూలుగా బాగానే ఉంటుంది, తేడా అంతా దాని కింద ఉంటుంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి, పైగా నీళ్లు ఇంకనిదైతే కష్టం రెట్టింపు. ఎందుకంటే ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పడదు. ఎత్తుపల్లాలు సరిచేద్దామని తవ్వితే గుంట అవుతుంది, గుంట అయిందంటే నీళ్లు చేరతాయి. ఈ ముడి విప్పడానికి నేను చేసే పద్ధతి చెబుతాను. లెక్కలు తేలిగ్గా ఉండడానికి 12 అడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ఉన్న గుండ్రటి పూల్ అనుకుందాం.

అందులో రెండడుగుల పైచిలుకు లోతున నీళ్లు నింపితే సుమారు 6,500 లీటర్లు పడతాయి. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి ఆరున్నర టన్నులు. వినగానే భయం వేస్తుంది కానీ, ఆ బరువంతా అడుగు మొత్తానికి పరుచుకుంటుంది. లెక్కేస్తే చదరపు అడుగుకి 57, 58 కిలోలు వస్తుంది. నిలబడిన మనిషి అరికాళ్ల కింద పడే ఒత్తిడి ఇంతకంటే ఎక్కువే. అందుకని మామూలు గట్టినేల ఈ బరువు మోయలేక దిగబడిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. అయితే మనిషి అడుగు తీసి అడుగు వేస్తాడు, పూల్ నెలల తరబడి అదే చోట కూర్చుంటుంది. తడిసిన బంకమట్టి ఆ బరువు కింద నిదానంగా పక్కలకి జరుగుతూ పోతుంది. అన్నిచోట్లా ఒకేలా జరిగినా బాగుండేది. నీళ్లు చేరిన వైపే ఎక్కువ దిగుతుంది.

పూల్ ఒరిగినా అందులో నీటిమట్టం ఒరగదు. ఈ అంచుకీ ఎదుటి అంచుకీ 4 అంగుళాల తేడా ఉందనుకోండి. ఎత్తు వైపు 22 అంగుళాల నీళ్లుంటే పల్లం వైపు 26 ఉంటాయి. నాలుగు అంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ గోడ మీద నీళ్ల తోపు లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 22ని 22తో, 26ని 26తో హెచ్చించి చూడండి: 484, 676. అంటే పల్లం వైపు గోడ 40 శాతం ఎక్కువ తోపుని కాచుకుంటోంది. ఆ తోపుకి అటువైపు కాళ్లు ఇంకాస్త దిగుతాయి, అవి దిగితే లోతు ఇంకాస్త పెరుగుతుంది, తోపూ పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగే వ్యవహారం కాదిది. అందుకే అంచుకీ అంచుకీ మధ్య తేడా అంగుళం దాటకూడదు. నేను అర అంగుళం లోపుకి వచ్చేదాకా వదలను.

చోటు చూసుకోవడం

సెప్టిక్ ట్యాంకు మీద, పూడ్చిన బావి మీద, ఈమధ్యే మట్టి తోలి చదును చేసిన చోట పూల్ వద్దు. పైన కరెంటు తీగలు ఉండకూడదు. కింద నీళ్ల పైపులు, కేబుళ్లు ఎక్కడ పోతున్నాయో తెలుసుకున్నాకే పలుగు పట్టండి. పెద్ద చెట్టు కింద నీడ బాగుంటుంది కానీ వేర్లూ, రాలే ఆకులూ రెండూ తలనొప్పే. ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఏ కారణం చేతనైనా గోడ తెగితే ఆ 6,500 లీటర్లూ ఎటు పరుగెడతాయి? పల్లంలో ఇంటి గుమ్మమో, పిల్లలు ఆడుకునే చోటో ఉంటే ఇంకో మూల వెతుక్కోండి.

వాలు ఎంత ఉందన్నదీ ముఖ్యమే. 12 అడుగుల్లో ఆరేడు అంగుళాల వాలుని చేతిపనితో సరిచేయొచ్చు. అడుగు దాటిందంటే అది గోడ కట్టి మట్టిని ఆపాల్సిన పని. తాత్కాలిక పూల్‌కి అంత పెట్టుకోవద్దు, చిన్న సైజు పూల్ తీసుకుంటే కావాల్సిన చదును కూడా తగ్గుతుంది.

గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒకసారి పెరట్లోకి వెళ్లండి. ఇంటి కప్పు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, పైనుంచి నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అన్నది అప్పుడు కళ్లారా కనబడుతుంది. చాలా ఇళ్లలో పూల్ చోటులో నిలిచే నీళ్లకి అసలు కారణం కప్పు నీళ్ల గొట్టం ఆ పక్కకి వదిలి ఉండడమే. ఆ గొట్టాన్ని నాలుగడుగులు అవతలికి తిప్పితే సగం పని అయిపోతుంది.

మట్టిని అడగడం

తడిమట్టి కొంచెం తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ ముందుకి తోయండి. రిబ్బన్‌లా సాగుతుంది. అంగుళం రాకముందే తెగిపోతే ఇసుకపాలు ఎక్కువ ఉన్నట్టు. రెండంగుళాలు దాటినా తెగకుండా వేలాడుతుంటే అది బంకమట్టి. ఎండలో నెర్రెలు విచ్చే నేలైతే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాని మీద నేరుగా పూల్ పెడితే మీరు ఎంత బాగా మట్టం చూసినా రెండు వానల్లో తేడా వచ్చేస్తుంది.

తర్వాత ఇంకుడు చూడాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీయండి. ఇక్కడ ఒక చిన్న పని ఉంది, చాలామంది వదిలేస్తారు. బంకమట్టిలో పార వేసినచోట గుంట గోడ అద్దంలా నున్నగా మెరుస్తుంది. ఆ నునుపు నీళ్లని లోపలికి పోనివ్వదు, పరీక్ష తప్పు చెబుతుంది. పాత చాకుతోనో మేకుతోనో గోడలు నాలుగువైపులా గీరి, గరుకు చేసి, రాలిన మట్టి తీసేయండి. గుంట నిండా నీళ్లు పోసి, అవి పోయేదాకా ఆగండి. ఇది మట్టిని తడపడానికి. మళ్లీ నింపి, ఒక స్కేలు నిలబెట్టి గంటకి ఎంత దిగిందో చూడండి. గంటకి అంగుళం కంటే ఎక్కువ దిగితే మీ నేల ఫరవాలేదు. అంతకంటే తక్కువైతే కింద చెప్పేదంతా చేయాలి. మర్నాటికి కూడా గుంటలో నీళ్లు అలాగే ఉంటే ఇంకుడు మీద ఆశ వదిలేసి, నీళ్లని పక్కకి తోలేయడం ఒక్కటే దారి అనుకోండి.

మట్టం పట్టడం

రసమట్టం మూడు నాలుగడుగుల పొడవే ఉంటుంది. దాన్ని 15 అడుగుల నేల మీద ముందుకి జరుపుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కూడి పెద్దదవుతాయి. నాకు ట్యూబ్ లెవెల్ మీదే నమ్మకం. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం, అందులో నీళ్లు, అంతే. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే మట్టం తప్పుతుంది. నడిచేటప్పుడు రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, కొలిచేటప్పుడు రెండూ వదలాలి. నీళ్లలో నాలుగు చుక్కలు రంగు కలిపితే గీత బాగా కనబడుతుంది.

పూల్ మధ్య రావాల్సిన చోట ఒక కర్ర మేకు దిగేయండి. దానికి తాడు కట్టి ఏడున్నర అడుగుల వ్యాసార్ధంతో చుట్టూ సున్నం గీత గీయండి. పూల్ వ్యాసార్ధం 6 అడుగులే, మిగతా అడుగున్నర చుట్టూ అంచు కోసం. అడుగుని సరిగ్గా పూల్ సైజుకే వేస్తే కాళ్లు కూర్చునేది దాని అంచున, అన్నిటికంటే బలహీనమైన చోట అవుతుంది. గీత మీద ఎనిమిది చోట్ల మేకులు కొట్టి, అన్నిటి మీదా ఒకే నీటిమట్టం గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి నేలదాకా టేపుతో కొలిచి, ఏ మేకు దగ్గర ఎంతో కాగితం మీద రాసుకోండి. ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ అన్నది కంటికి కనబడేదానికీ ఈ అంకెలకీ చాలాసార్లు పొంతన ఉండదు. గడ్డి మనల్ని మోసం చేస్తుంది.

తవ్వేది ఎత్తునే, కానీ మట్టంగా కాదు

పల్లంలో మట్టి పోసి ఎత్తు చేయకండి, ఎత్తుగా ఉన్నదాన్నే తవ్వి దించండి అని అందరూ చెబుతారు. సరైన మాటే. పోసిన మట్టి ఎంత తొక్కినా బరువు పడ్డాక కూర్చుంటుంది. అయితే నీళ్లు ఇంకని నేలలో ఈ ఒక్క మాట పట్టుకుని పోతే ఏమవుతుందో ఒక ఇంట్లో చూశాను. ముందు పనిచేసినవాళ్లు బంకమట్టిలో ఎత్తు భాగాన్ని మట్టంగా తవ్వి, దాన్నిండా ఇసుక పోసి, పైన ముచ్చటగా చదును చేశారు. చూడ్డానికి వంక పెట్టడానికి లేదు. వానలు ఆగి చాలా రోజులయ్యాక పూల్ ఖాళీ చేసి, అడుగు పట్టా ఎత్తి ఇసుకలో చెయ్యి గుచ్చితే మణికట్టు దాకా దిగిపోయింది. చెయ్యి తీసిన గుంటలోకి నీళ్లు ఊరాయి. బంకమట్టిలో తవ్విన గుంట సిమెంటు తొట్టి లాంటిది. ఇసుక నీళ్లని లోపలికి రానిస్తుంది, మట్టి బయటికి పోనివ్వదు. పైన వేసిన పూల్ తడి ఇసుక మీద తేలినంత పని అయి, ఒకవైపు కాళ్లు అర అడుగు దిగాయి.

అందుకే నేను అడుగు మట్టిని మట్టంగా తవ్వను. కింద వాలు ఉంచి, పైన మాత్రమే మట్టం తెస్తాను. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

15 అడుగుల వెడల్పు మీద నేల 8 అంగుళాలు వాలిందనుకుందాం. ముందు గడ్డి, దాని వేళ్లు ఉన్న పొర మొత్తం తీసేయాలి. తర్వాత ఎత్తు అంచు దగ్గర 6 అంగుళాలు తవ్వుతాను. అక్కణ్నుంచి పల్లం వైపు వచ్చేకొద్దీ లోతు తగ్గించుకుంటూ, పల్లం అంచు దగ్గర పారే పెట్టను. ఇప్పుడు అడుగు మట్టి ఎత్తు అంచు నుంచి పల్లం అంచుకి ఇంకా 2 అంగుళాలు వాలి ఉంది, అంటే సుమారు 8 అడుగులకి ఒక అంగుళం. లోపలికి దిగిన ఏ నీటిబొట్టైనా ఆ వాలు వెంట జారి పల్లం అంచు నుంచి బయటికి పోతుంది. తొట్టికి ఒకవైపు గోడే లేదన్నమాట. దీని మీద పోసే కంకర పల్లం వైపు మందంగా, ఎత్తు వైపు పల్చగా వేసి పైభాగాన్ని మట్టం చేస్తాం. పల్లం అంచు దగ్గర మొత్తం మందం 6 అంగుళాలు, ఎత్తు అంచు దగ్గర 4 వస్తుంది. పోసిన మట్టి కూర్చుంటుంది అన్నాను కదా, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టిన పగులగొట్టిన రాయి అలా కూర్చోదు. ఆ భయం దానికి వర్తించదు.

నేల దాదాపు సమంగానే ఉండి, నీళ్లు పోవడానికి ఎటూ పల్లం లేకపోతే అసలు తవ్వకండి. గడ్డి పొర తీసి, ఆ నేల మీదే చుట్టూ బ్లాకులు పేర్చి, అడుగుని అర అడుగు ఎత్తుగా కట్టుకోండి. బంకమట్టిలో ఇంకుడు గుంత తీసి నీళ్లని అందులోకి మళ్లిద్దాం అనే ఆలోచన కొందరికి వస్తుంది. ఇంకని నేలలో ఇంకుడు గుంత మొదటి వానకి నిండుతుంది, తర్వాత అలాగే ఉండిపోతుంది.

ఎగువన కాలువ

పైనుంచి వచ్చే నీళ్లని పూల్ దాకా రాకుండా ముందే అడ్డుకోవాలి. ఎత్తు వైపున, పూల్ అంచుకి కనీసం 3 అడుగుల దూరంలో, నెలవంక ఆకారంలో కాలువ తీయండి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చాలు. మరీ దగ్గరగా తీస్తే కాళ్ల కింది మట్టి కాలువలోకి జరుగుతుంది. కాలువ అడుగు కూడా 8 అడుగులకి అంగుళం చొప్పున వాలాలి. దీన్ని కూడా ట్యూబ్ లెవెల్‌తోనే చూడండి, కంటితో చూసి వదిలేయవద్దు. లోపల జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, రెండంగుళాల కంకర పోసి, చిల్లులున్న 4 అంగుళాల పైపు వేసి, దాని మీద కంకర నింపి, గుడ్డ మడిచి పైన కప్పేయాలి. పైపు చిల్లులు కిందివైపు ఉండాలి. పైకి ఉంటేనే నీళ్లు లోపలికి వస్తాయని చాలామంది తిప్పి వేస్తారు. కాలువలో నీళ్లు కిందినుంచి పైకి నిండుతాయి, చిల్లులు కింద ఉంటే నీటిమట్టం పెరగకముందే పైపులోకి వచ్చేస్తాయి. పైపు కొస పల్లంలో బయటికి తెరుచుకోవాలి, అది పక్కవాళ్ల స్థలంలోకీ ఇంటి పునాది వైపుకీ పోకూడదు. కొసకి జాలీ బిగించకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. కాలువ తెరిచి ఉన్నన్నాళ్లూ రాత్రిపూట పలకలు కప్పి ఉంచండి, చిన్నపిల్లలు తిరిగే ఇల్లైతే పగలు కూడా.

తుంగ గురించి విడిగా

గడ్డి పొర తీశాక నేలలో తుంగ కనబడితే పని ఆపి దాని సంగతి చూడండి. పైన ఆకు పీకితే చాలదు. కింద దారంలాంటి వేళ్లకి నల్లటి చిన్న గడ్డలు ఉంటాయి. అవి చీకట్లో, బరువు కింద కూడా మొలుస్తాయి. మొలక కొస సూదిలా ఉండి పూల్ నీళ్లు పట్టే ప్లాస్టిక్ పొరని, అంటే లైనర్‌ని కూడా పొడుచుకుని పైకి వస్తుంది. పూల్ అడుగున, నీళ్లలో నిలబడ్డ పచ్చటి మొలకని నేను చూశాను. మట్టిని పార లోతున తిరగేసి, గడ్డలు చేత్తో ఏరేయాలి. విసుగు పుట్టే పనే. ఏరాక కొన్నాళ్లు ఆగి, మళ్లీ మొలిచినవి తీసేసి అప్పుడు ముందుకి వెళ్లండి. తిరగేసిన చోట మట్టిని మళ్లీ గట్టిగా దిమ్మిస కొట్టాలి. రాళ్లు, గాజుపెంకులు, తెగిన వేళ్ల మొనలు కూడా ఇప్పుడే ఏరేయండి.

దిమ్మిస

మట్టి ఎప్పుడు దిమ్మిస కొట్టాలి అన్నది ఎంత కొట్టాలి అన్నదానికంటే ముఖ్యం. గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించండి. ఉండ కట్టి, నడుం ఎత్తునుంచి వదిలితే రెండు మూడు ముక్కలైతే సరైన తడి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లి కొన్ని గంటలు ఆగండి. అరచేతికి అంటుకుని జిగురుగా సాగితే పారలు కడిగి ఇంటికి పొండి. తడి ఎక్కువైన బంకమట్టిని కొడితే అది గట్టిపడదు, ఇక్కడ దిగి పక్కన ఉబ్బుతుంది అంతే. చిన్న అడుగుకి చేతి దిమ్మిస సరిపోతుంది. ప్లేట్ కాంపాక్టర్ (మోటారుతో నడిచే దిమ్మిస) అద్దెకి దొరికితే నడుం మిగులుతుంది. కొట్టాక మడమతో తొక్కుకుంటూ అంతా తిరగండి. ఎక్కడైనా మెత్తగా తగిలితే ఆ ముద్దని తవ్వి తీసేసి కంకరతో నింపండి. మెత్తటి చోటు పైన పొర వేసేస్తే మాయమవుతుందని అనుకోవద్దు.

పొరలు

మట్టి మీద మొదట జియోటెక్స్‌టైల్ గుడ్డ. దీన్ని దండగ ఖర్చు అనుకుని వదిలేసేవాళ్లు ఉన్నారు. గుడ్డ లేకపోతే తడిసినప్పుడల్లా కంకర మట్టిలోకి దిగుతుంది, మట్టి కంకర సందుల్లోకి పైకి ఎక్కుతుంది. కొన్నాళ్లకి కంకర పొర పేరుకే ఉంటుంది. గుడ్డ ముక్కలు కలిసేచోట ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కాలి.

దాని మీద 20 ఎంఎం కంకర. నది గులకరాళ్లు వద్దు, అవి ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. కోణాలున్న, పగులగొట్టిన రాయైతే దిమ్మిసకి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మూడంగుళాలు మించకుండా ఒక్కో పొరా వేసి కొట్టండి. పల్లం అంచున కంకర జారిపోకుండా బ్లాకులు నిలబెట్టాలి, కానీ వాటి మధ్య సిమెంటు పూయకండి. నీళ్లు పోయేది ఆ సందుల్లోంచే. కంకర పైన ఇంకొక గుడ్డ, దాని మీద ఒకటిన్నర అంగుళాల రాతిపొడి. మధ్యలో గుడ్డ లేకపోతే పొడి కంకర సందుల్లోకి రాలి, పైన గుంటలు పడతాయి. మొత్తం అడుగు సగటు మందం 5 అంగుళాలు అనుకుంటే కంకర, పొడి కలిపి సుమారు 75 ఘనపుటడుగులు. కొట్టాక కుదించుకుపోతుంది కాబట్టి పావు వంతు కలుపుకుని 90 పైచిలుకు తెప్పించుకోండి.

పైపొరకి ఇసుక బదులు రాతిపొడి ఎందుకంటే, తడిపి కొడితే అది బిగుసుకుంటుంది. ఇసుక మీద పిల్లాడి మడమ పడినా గుంట, చీమలు పెట్టినా గుంట, వాననీళ్లు అంచు కోస్తే కిందినుంచి జారిపోతుంది. కొన్ని పూల్ కంపెనీల మాన్యువళ్లు కూడా ఇసుక మీద పెట్టవద్దనే చెబుతాయి, మీ మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

పొడిని మట్టం చేయడానికి మధ్య మేకుని కావాల్సిన ఎత్తుకి కొట్టి, ఏడెనిమిది అడుగుల తిన్నని బద్ద ఒక కొసని దాని తలకి మేకుతో వదులుగా బిగించండి. రెండో కొస పట్టుకుని నేల మీద చుట్టూ తిప్పితే ఎక్కువున్న పొడిని బద్ద తోసుకుపోతుంది, తక్కువున్నచోట కింద వెలుతురు కనబడుతుంది. బద్ద మీద రసమట్టం కట్టి ఉంచితే తిప్పిన ప్రతిచోటా మట్టం తెలిసిపోతుంది. పొడి చల్లి, నీళ్లు చిలకరించి, కొట్టి, మళ్లీ బద్ద తిప్పండి. అయ్యాక మధ్య మేకు పీకేసి ఆ బొక్కని పొడితో పూడ్చడం గుర్తుంచుకోండి.

కాళ్ల కింద

ఫ్రేమ్ పూల్ కాళ్లు సన్నగా ఉంటాయి. ఒక్కో కాలి కింద అడుగు చదరం, రెండంగుళాల మందం ఉన్న కాంక్రీటు పలక ఉండాలి. పలకని రాతిపొడి మీద పెట్టేయకుండా కంకర పొరలోకి అర అంగుళం దిగేలా కూర్చోబెట్టి, దాని పైభాగం చుట్టూ ఉన్న పొడితో సమంగా ఉండేలా చూడండి. అంచు పొడుచుకొస్తే లైనర్ అక్కడే చిరుగుతుంది. అన్ని పలకల పైభాగాలూ ఒకే మట్టంలో ఉన్నాయా అన్నది ట్యూబ్ లెవెల్‌తో ఒక్కోటీ చూడాలి. ఇక్కడ పావు అంగుళం తేడా కూడా నేను ఒప్పుకోను, ఎందుకంటే పూల్ నిలువుగా నిలబడేది ఈ పలకల మీదే. గాలి ఊదే రింగు ఉండే పూల్‌కి కాళ్లుండవు కాబట్టి ఈ పని తప్పుతుంది, కానీ వాలు విషయంలో అది ఇంకా సుకుమారం. ఏమాత్రం ఒరిగినా గోడ బయటికి దొర్లినట్టు అవుతుంది.

రాతిపొడి గరుకు. దాని మీద నేరుగా లైనర్ వేయకూడదు. అంగుళం మందం ఫోమ్ షీట్లు పరిచి, అతుకులకి టేప్ వేసి, ఆ పైన పూల్‌తో వచ్చే పట్టా వేస్తే అరికాళ్లకీ మెత్తగా ఉంటుంది. పాత తివాచీలు, అట్టపెట్టెలు వేయవద్దు. తడి తగిలే చోట కుళ్లి వాసన కొడతాయి, కుళ్లినచోట గుంట పడుతుంది.

పూల్ విప్పే ముందు నీళ్లతో పరీక్ష

ఫోమ్ పరిచే ముందు అడుగు మొత్తాన్ని పైపుతో బాగా తడపండి. అరగంట తర్వాత వచ్చి చూడండి. ఎక్కడైనా నీళ్లు మెరుస్తుంటే అక్కడ పల్లం, పొడి వేసి సరిచేయండి. పల్లం అంచు బ్లాకుల సందుల్లోంచి నీళ్లు బయటికి వస్తున్నాయా అన్నది కూడా చూడండి. రావడం లేదంటే కింద వాలు ఎక్కడో తప్పింది. తొందర లేకపోతే ఒక మంచి వాన పడేదాకా ఆగడం ఇంకా నయం. వాన పడ్డాక కూడా మట్టం మారలేదంటే నిశ్చింతగా పూల్ విప్పొచ్చు.

అడుగు చుట్టూ ఉన్న నేల కూడా బయటికి వాలాలి, 4 అడుగులకి అంగుళం చొప్పున. పిల్లలు దూకితే పొర్లే నీళ్లు వానకంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, అవి రోజూ పడతాయి కాబట్టి. అంచు చుట్టూ అడుగున్నర మేర కంకర పరిచి ఉంచితే కాళ్లకి బురద అంటదు, పూల్‌లోకి బురద రాదు. నిచ్చెన దగ్గర ఇంకాస్త ఎక్కువ పరవండి.

నింపడం

మొదట రెండంగుళాలు నింపి ఆపండి. లోపల దిగి లైనర్ ముడతలు మధ్యనుంచి అంచుల వైపు పాదాలతో తోయండి. తర్వాత స్కేలుతో అంచు వెంట ఎనిమిది చోట్ల నీళ్ల లోతు కొలవండి. నీళ్లకంటే నిజం చెప్పే మట్టం లేదు. ఒకచోట అంగుళం, ఎదురుగా మూడంగుళాలు ఉంటే మనసు రాకపోయినా నీళ్లు తోడేసి, మళ్లీ అడుగు సరిచేయండి. ఈ దశలో అది చిన్న పనే, నిండాక కాదు. సరిగ్గా ఉంటే పావు వంతుకి ఒకసారి, సగానికి ఒకసారి ఆపి, పైచట్రం నుంచి నీటిమట్టానికి ఉన్న దూరం అదే ఎనిమిది చోట్ల చూసి రాసుకోండి. కాళ్లు నిటారుగా ఉన్నాయా చూడండి. నిండిన మర్నాడు, ఆ తర్వాత ప్రతి పెద్ద వాన తర్వాత మళ్లీ కొలవండి. రాసుకున్న అంకెలు ఉంటేనే మార్పు తెలుస్తుంది. అంగుళం దాటి తేడా పెరుగుతుంటే పిల్లల్ని దిగనివ్వకుండా నీటిమట్టం తగ్గించి, కారణం చూడాలి. నిండా నీళ్లున్న పూల్ కాళ్ల కింద రాయో చెక్కో దోపి ఎత్తడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. జారిందంటే కొన్ని టన్నుల నీళ్లు ఆ మనిషి మీదకే వస్తాయి.

మోటారుని కూడా ఎత్తైన పలక మీద పెట్టండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీడీ లేకుండా నడపవద్దు, ఎక్స్‌టెన్షన్ బోర్డు తడినేల మీద ఉండకూడదు. వాడనప్పుడు నిచ్చెన తీసి లోపల పెట్టండి. చిన్నపిల్లలున్న ఇంట్లో చుట్టూ కంచె, దానికి గడియ తప్పనిసరి. రెండడుగుల నీళ్లు పసిపిల్లలకి చాలా లోతు.

తీసేటప్పుడు

సీజన్ అయిపోయాక నీళ్లని ఒక్కసారిగా అడుగు పక్కనే వదిలేస్తే మీరు కట్టిన అంచు అంతా కోసుకుపోతుంది. క్లోరిన్ వేయడం ఆపి కొన్నిరోజులు ఎండకి వదిలి, తర్వాత గొట్టంతో నిదానంగా పల్లం వైపు, మొక్కలకి దూరంగా తోడేయండి. పూల్ పూర్తిగా ఆరాక మడవండి. పలకలు అలాగే ఉండనివ్వండి. రాతిపొడి మీద టార్పాలిన్ కప్పి అంచుల్లో రాళ్లు పెడితే గడ్డి మొలవదు, వానకి పొడి కొట్టుకుపోదు. వానాకాలంలో ఒకట్రెండుసార్లు కాలువ పైపు కొస చూడండి. ఆకులు, మట్టి అడ్డుపడితే తీసేయండి, జాలీ ఊడితే మళ్లీ బిగించండి. మళ్లీ పూల్ వేసే ముందు టార్పాలిన్ తీసి, తుంగ మొలిచిందేమో చూసి, పలకల మీద ట్యూబ్ లెవెల్ పెట్టండి. మామూలుగా ఒకటో రెండో పలకలు కొంచెం దిగి ఉంటాయి. వాటిని లేపి కింద పొడి వేసి కొడితే చాలు, మిగతా అడుగు అలాగే పనికొస్తుంది.